గ్లెన్‌కొలంబ్‌కిల్: ఐర్లండ్ పల్లెటూళ్ళో వారం రోజులు ఉండి వచ్చాను

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 17, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. ఇది టూరిస్టు పోస్టు కాదని ముందే చెప్పేస్తున్నాను. మా అమ్మాయి ఇక్కడ నాలుగో క్లాసు. మిగతా సబ్జెక్టులు దానికదే చూసుకుంటుంది గానీ ఐరిష్ హోంవర్కు దగ్గర రోజూ కన్నీళ్ళే. పుస్తకం నా ముందు పడేసి "అమ్మా, నువ్వే చెప్పు" అంటుంది. నాకేం తెలుసు? చివరికి పంతం పట్టి నేనే వారం రోజుల ఐరిష్ కోర్సులో చేరాను. డొనెగల్ కౌంటీలో నైరుతి మూల, సముద్రం అంచున గ్లెన్‌కొలంబ్‌కిల్ అని ఒక ఊరుంది. అక్కడ ఊడెస్ గేల్ అనే సంస్థ 1984 నుంచి పెద్దవాళ్ళకి ఐరిష్ నేర్పుతోంది. దేశాధ్యక్షురాలిగా చేసిన మేరీ మెకలీస్ కూడా అక్కడ నేర్చుకున్నవారే.

డబ్లిన్ నుంచి కారులో నాలుగున్నర గంటలు పట్టింది, మధ్యలో టీకి ఆగినదాంతో కలిపి. డొనెగల్‌కి రైలు లేదు. ఒకప్పుడు చిన్న రైళ్ళు ఉండేవట, 1959 చివర్లో మూసేశారు. కిల్లీబెగ్స్ దాటాక రోడ్డు సన్నబడుతుంది, కారిక్ దాటాక ఇళ్ళు కూడా పల్చబడతాయి. తర్వాత ఇరువైపులా నల్లటి బురద నేలలు, వీపు మీద ఎరుపో నీలమో రంగు పూసిన గొర్రెలు తప్ప ఇంకేం కనబడదు. ఎవరి మందో గుర్తుపట్టడానికి ఆ రంగు. ఒక మలుపు దగ్గర లోయ మొత్తం ఒక్కసారిగా కింద కనిపిస్తుంది. చివర సముద్రం, మధ్యలో చర్చి, చల్లేసినట్టు తెల్లటి ఇళ్ళు. గ్లెన్ అంటే లోయ. ఆరో శతాబ్దపు సాధువు కొలుంకిల్ పేరు దానికి కలిపి గ్లెన్‌కొలంబ్‌కిల్ అయింది.

ఊరు అంటే మన ఊళ్ళలా గుంపుగా ఉండదు. నడుమ చిన్న వీధి, దాన్ని కాషెల్ అంటారు. రెండు మూడు పబ్బులు, ఒక కొట్టు, పోస్టాఫీసు, అంతే. మిగతా ఊరంతా లోయలో ఒక్కో ఇల్లూ ఒక్కో పొలం మధ్య. మొదటి రోజు నేను "ఊరెక్కడ?" అని అడిగితే ఒకావిడ నవ్వి, చెయ్యి చుట్టూ తిప్పి చూపించింది.

అడగాలనుకున్నవి అడగండి. తెలిసినంత చెబుతాను.

---

లిఫీ_శీను
ఆగస్టు 17, రాత్రి 10:20

అక్కా, ఒకటే ప్రశ్న. పడమటి తీరంలో క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే సముద్రపు కొండల కంటే బాగుంటుందా? లాంగ్ వీకెండ్‌కి నలుగురం ప్లాన్ చేస్తున్నాం.

---

కిల్లీబెగ్స్_వంటవాడు
ఆగస్టు 18, మధ్యాహ్నం 1:05

శీను అన్నా, నేను చెబుతా. నేను కిల్లీబెగ్స్ క్యాంపస్‌లో కలినరీ చదువుతున్నా, గ్లెన్ ఇక్కణ్ణుంచి అరగంట పైన. మోహర్ ఎత్తు 214 మీటర్లు. మా దగ్గర స్లీవ్ లీగ్ అనే సముద్రపు కొండ 601 మీటర్లు. మోహర్‌లో టికెట్టు, గిఫ్ట్ షాపు, బస్సుల వరస. ఇక్కడ గాలి, గొర్రెలు. కంచె కూడా అన్ని చోట్లా ఉండదు, కాబట్టి ఫోటో కోసం వెనక్కి నడవొద్దు, దండం పెడతా.

గ్లెన్ దాటి ఇంకా పడమరకి పోతే మాలిన్ బెగ్ దగ్గర సిల్వర్ స్ట్రాండ్ అనే బీచ్ ఉంది. గుర్రపు నాడా ఆకారంలో కొండ, దాని కింద ఇసుక. దిగడానికి నూట యాభైకి పైగా మెట్లు. దిగేటప్పుడు అందరూ హీరోలే.

డ్రైవింగ్ గురించి ఒక మాట. ఈ రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపుతాడు. మొదటి నెల నేను వాళ్ళకి నేనేదో తప్పు చేశాననుకుని టెన్షన్ పడ్డా. బండి లైట్లు ఆన్‌లో ఉన్నాయా, రాంగ్ సైడ్ వచ్చానా అని చూసుకునేవాణ్ణి. అది పలకరింపు అంతే. మీరూ లేపండి. లేపకపోతే ఏమీ అనరు గానీ, సాయంత్రానికి పబ్బులో "డబ్లిన్ నెంబర్ ప్లేటు" అని చెప్పుకుంటారు.

ఇంకోటి, సైన్ బోర్డులు. ఇది గేల్టాక్ట్, అంటే ఐరిష్ మాట్లాడే ప్రాంతం. 2005 నుంచి ఇక్కడ ఊళ్ళ పేర్లు బోర్డుల మీద ఐరిష్‌లో మాత్రమే ఉంటాయి. మొదట్లో కారిక్ కోసం వెతుకుతూ "అన్ హారిగ్" బోర్డు ముందు నుంచే రెండుసార్లు తిరిగా.

---

పాలమూరు_రాజు
ఆగస్టు 18, రాత్రి 8:31

మాధవి గారూ, బాగా రాశారు. నాకు కొండల కంటే మనుషుల సంగతి కావాలి. అంత మూల ఊళ్ళో జనం ఏం చేసుకుని బతుకుతారు? పొలం చూస్తే బురద అంటున్నారు. మా తాత నాగార్జునసాగర్ డ్యాం పనికి వెళ్ళాడు, మా నాన్న ముంబయి వెళ్ళాడు, నేను ఇక్కడికి వచ్చాను. పని లేని ఊరు నిలబడదు. ఈ ఊరు ఎట్లా నిలబడింది?

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 18, రాత్రి 10:55

రాజు గారూ, మీరు సరిగ్గా దానిమీదే వేలు పెట్టారు. దీనికి కాస్త పెద్ద జవాబే రాయాలి, పిల్ల పడుకుంది కాబట్టి రాస్తున్నాను.

డొనెగల్ కూడా వలసల జిల్లానే. తరాల పాటు ఇక్కడివాళ్ళు, ఆడపిల్లలతో సహా, బంగాళాదుంపలు తవ్వే సీజన్‌కి గుంపులుగా స్కాట్లండ్ పొలాలకి వెళ్ళేవారు. వాళ్ళని టాటీ హోకర్లు అనేవారు. మీ తాతగారి తరాన్ని "పాలమూరు లేబర్" అన్నట్టే అనుకోండి. 1840ల చివర్లో వచ్చిన బంగాళాదుంప కరువుకి ముందు, 1841లో ఇప్పటి రిపబ్లిక్ (ఉత్తర ఐర్లండ్ కాకుండా మిగతా దేశం) ప్రాంతంలో 65 లక్షల జనం ఉన్నారు. 1961 నాటికి రిపబ్లిక్‌లో మిగిలింది 28 లక్షలు. అంటే కరువు అయిపోయి వందేళ్ళు దాటినా జనం వెళ్ళిపోతూనే ఉన్నారు. గ్లెన్‌లో అయితే బడిలో చదువు ముగిసిన రోజే పెట్టె సర్దుకునేవాళ్ళట.

1951లో ఈ ఊరికి జేమ్స్ మెక్‌డయర్ అనే పాదిరీ వచ్చాడు. ఆయనదీ డొనెగలే, పుట్టింది 1910లో. యుద్ధం రోజుల్లో లండన్‌లో, తర్వాత టోరీ దీవిలో పనిచేసి వచ్చాడు. వచ్చి చూస్తే కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు, తారు రోడ్డు లేదు, దవాఖానా లేదు, ఫ్యాక్టరీ అన్న మాటే లేదు. వేరే ఎవరైనా అయితే ఆదివారం ప్రసంగంలో ఓర్పు గురించి చెప్పేవారేమో. ఈయన ముందు జనంతో కలిసి ఒక హాలు కట్టించాడు. కూలీ లేదు, అందరూ వంతులవారీగా వచ్చి చేసిందే. దానికి వాళ్ళ భాషలో "మెహల్" అనే మాట ఉంది. కోతలకి, టర్ఫ్ (పొయ్యిలో కాల్చే ఎండు బురద గడ్డలు) తవ్వకాలకి ఇరుగుపొరుగు కలిసి ఇవాళ మీ పొలం, రేపు మా పొలం అని చేసుకునే పని. మన దగ్గర బదులుకి వెళ్ళడం అంటాం కదా, అచ్చంగా అదే.

ఆ తర్వాత వరసగా అధికారుల వెంటపడి కరెంటు, నీళ్ళు, రోడ్డు తెప్పించాడు. 1960లలో ప్రభుత్వ చక్కెర కంపెనీ తోడ్పాటుతో కూరగాయలు శుద్ధి చేసే ఫ్యాక్టరీ పెట్టించాడు. స్వెట్టర్లు అల్లే ఆడవాళ్ళతో సహకార సంఘం. గడ్డి కప్పు ఇళ్ళు కట్టి సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకివ్వడం. 1967లో ఫోక్ విలేజ్. ఇది ఇప్పటికీ ఉంది, ఊరివాళ్ళే నడుపుతారు. సముద్రం ఒడ్డున వరసగా గడ్డి ఇళ్ళు. ఒకటి 1700ల నాటి ఇల్లు ఎలా ఉండేదో, ఇంకోటి 1800ల నాటిది, మరోటి 1900ల నాటిది. మొదటి ఇంట్లో నేల మట్టి, మధ్యలో పొయ్యి. మూడో ఇంటికి వచ్చేసరికి అద్దాల బీరువా, గోడ మీద ఫోటోలు. పక్కనే పాత బడి. నేను ఆ మొదటి ఇంట్లో చాలాసేపు నిలబడిపోయాను. పొగ చూరిన వాసాలు చూస్తే మా నాయనమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఒక తేడా, అక్కడ కట్టెలు కాదు, టర్ఫ్.

---

సత్తిబాబు_కాకినాడ
ఆగస్టు 19, ఉదయం 7:12

మేడమ్ గారూ, కథ బాగుంది గానీ సగమే చెప్పారు. ఆ కూరగాయల ఫ్యాక్టరీ ఏమైంది? నిలబడలేదు. మిగతా చాలా పథకాలూ అంతే. ఆ నేలలో, ఆ వర్షంలో ఫ్యాక్టరీకి సరిపడా కూరగాయలు పండించడం అయ్యే పని కాదని ఎవరైనా చెప్తారు. ఒక్క మనిషి భుజాన వేసుకున్న ఊరు ఆ మనిషి పోయాక ఏమవుతుందో మనం మన సహకార సంఘాల్లో చూశాం కదా. నేను పదేళ్ళు ఒక సొసైటీలో లెక్కలు రాశాను. సభ్యులంతా వస్తారు, బోనస్ రోజు మాత్రం.

చివరికి మిగిలిందేమిటి, తాతల నాటి పేదరికాన్ని టికెట్టు పెట్టి చూపించడం. నాకది అంత గొప్పగా అనిపించదు.

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 19, ఉదయం 8:40

సత్తిబాబు గారూ, ఫ్యాక్టరీ సంగతి మీరన్నది నిజం, నిలబడలేదు. కానీ మెక్‌డయర్ పోయింది 1987లో. ఇప్పటికి ముప్ఫై ఏడేళ్ళ పైనే అయింది. ఫోక్ విలేజ్ నడుస్తోంది, ఊడెస్ గేల్ నడుస్తోంది, అది ఆయన పెట్టింది కూడా కాదు. ఆ చుట్టుపక్కల చేపల శుద్ధి పనులున్నాయి. అంటే ఫ్యాక్టరీ పోయినా, "మనకి కావలసింది మనమే పెట్టుకుందాం" అనే అలవాటు పోలేదు. నాకు కనబడింది అది. టికెట్టు గురించి మాత్రం, ఆ ఇళ్ళలో పనిచేసే అమ్మాయి అదే ఊరి పిల్ల. లేకపోతే గ్లాస్గోలో ఉండేది. ఇప్పుడు ఆఫీసుకి లేటవుతోంది, సాయంత్రం పోట్లాడుకుందాం.

---

డాక్టర్_సుజాత
ఆగస్టు 19, రాత్రి 11:30

నేను లెటర్‌కెన్నీలో ఏడేళ్ళుగా ఉంటున్నాను. గ్లెన్ వైపు నుంచి పేషెంట్లు వస్తారు, పెద్దవాళ్ళు చాలామంది నొప్పి గురించి ఐరిష్‌లోనే చెప్పుకుంటారు, తర్వాత నా కోసం ఇంగ్లీషులోకి మారుస్తారు. మీ వాదన మధ్యలో నేను చూసింది ఒకటి చెబుతాను.

నాతో పనిచేసే నర్సుది ఆ వైపు పల్లె. వాళ్ళ నాన్నగారు పోతే నేను వెళ్ళాను. ఇక్కడ "వేక్" అంటారు, మన మాటలో శవ జాగారం. ఆసుపత్రి నుంచి ఇంటికే తీసుకొస్తారు. రెండు రాత్రులు ముందుగదిలో పెట్టె తెరిచి ఉంచుతారు, ఆయన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు. ఊరంతా వస్తుంది. లోపలికి వెళ్ళి, చెయ్యి తాకి, ఇంటివాళ్ళకి ఒక్క వాక్యం చెప్పి, వంటింట్లోకి వెళ్ళి టీ తాగాలి. టీ వద్దంటే ఒప్పుకోరు. ఆ టీ చేసేది, సాండ్‌విచ్‌లు కోసేది, కార్లు పార్క్ చేయించేది ఇంటివాళ్ళు కాదు, పొరుగువాళ్ళు. సమాధి తవ్వింది కూడా పొరుగువాళ్ళేనట. ఎవరెవరు ఏం చేయాలో ఎవరూ ఎవరికీ చెప్పినట్టు నాకు కనబడలేదు. చావు కబురు లోకల్ రేడియోలో చదువుతారు. మా వార్డులో పెద్దవాళ్ళు ఆ టైముకి మాటలాపేసి మరీ వింటారు. మొదట్లో అదేదో దిగులు అలవాటు అనుకున్నాను. కాదు, ఎవరింటికి వెళ్ళాలో తెలుసుకోవడం అది.

నవ్వులు కూడా ఉంటాయి ఆ ఇంట్లో, ఆశ్చర్యపోకండి. పోయినాయన గొర్రెల సంతలో చేసిన బేరాల గురించి ఆయన పక్కనే కూర్చుని చెప్పుకుని నవ్వారు. మా ఊళ్ళో అలా నవ్వితే పెద్దవాళ్ళు కోప్పడతారు. కానీ మా తాతగారి పదోరోజు భోజనాల దగ్గర సరిగ్గా ఇవే నవ్వులు విన్నాను నేను.

2025 జనవరి 24న వచ్చిన ఏవిన్ తుఫాను మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దేశం మొత్తం మీద 7 లక్షల 68 వేల కనెక్షన్లకి కరెంటు పోయింది. పడమటి పల్లెల్లో కొన్ని చోట్ల రోజుల తరబడి రాలేదు. మా అపార్టుమెంట్లో మేం చలికి దుప్పట్లలో మూటలై కూర్చున్నాం, పక్క ఫ్లాటులో ఎవరున్నారో కూడా నాకు తెలియదు. ఆ నర్సు మాత్రం టర్ఫ్ పొయ్యి మీద సూప్ కాచి వీధి చివర ఒంటరి ముసలాయనకి పట్టుకెళ్ళానని చెప్పింది. పైగా "ఆయనకి నా సూప్ నచ్చదు, అయినా తాగాడు" అంది.

సత్తిబాబు గారూ, సొసైటీ లెక్కల్లో ఇది ఏ పద్దు కింద రాయాలో మీరే చెప్పాలి.

---

వరలక్ష్మి_గాల్వే
ఆగస్టు 20, ఉదయం 6:15

అమ్మాయిలూ, నేను మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలు వచ్చాను, టైపింగ్ మనవడు నేర్పాడు. తప్పులుంటే సర్దుకోండి. ఆ ఊళ్ళో రాళ్ళ చుట్టూ ప్రదక్షిణ చేస్తారని మా అల్లుడు అన్నాడు. క్రైస్తవులు ప్రదక్షిణ చేయడమేమిటమ్మా? మాధవీ, నువ్వు చూశావా?

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 20, రాత్రి 9:20

పిన్నిగారూ, మీ అల్లుడుగారు చెప్పింది నిజమేనండీ. దాన్ని "తురస్" అంటారు, అంటే ప్రయాణం. జూన్ 9 కొలుంకిల్ సాధువు పండగ. ఆయన 521లో డొనెగల్‌లోనే పుట్టి, 563లో స్కాట్లండ్ వైపు అయోనా దీవికి వెళ్ళి మఠం పెట్టినాయన. ఆ పండగ నాడు లోయ చుట్టూ పదిహేను మజిలీలు తిరుగుతారు, మొత్తం ఐదు కిలోమీటర్ల పైన. పాత పద్ధతి ప్రకారం వట్టి కాళ్ళతో, అదీ రాత్రిపూట మొదలుపెట్టి తెల్లవారేలోపు ముగించాలి. జూన్‌లో ఇక్కడ పొద్దు గుంకేదే రాత్రి పది దాటాక, చీకటి కాసేపే.

ప్రతి మజిలీ దగ్గరా ఒక నిలువు రాయో, రాళ్ళ గుట్టో ఉంటుంది. నిలువు రాళ్ళ మీద చెక్కిన శిలువ గుర్తులు, చిక్కు ముగ్గుల్లాంటి గీతలు. అవును, నేను చూసిన ఒక రాయి మీద గీత మొదలూ చివరా తెలియకుండా మెలికలు తిరిగి ఉంది, మీరు చూస్తే వెంటనే చుక్కలు లెక్కపెడతారు. కుడివైపుగా, సూర్యుడు తిరిగే దిక్కుగా మూడుసార్లు చుట్టూ తిరగాలి. ఎడమవైపుగా తిరగడం మంచిది కాదట. ఒక మజిలీలో ఊట బావి ఉంది. కొండ ఎక్కి వచ్చేటప్పుడే మూడు రాళ్ళు ఏరుకుని చేత్తో పట్టుకెళ్ళాలి, ఒక్కో చుట్టుకి ఒక్కో రాయి గుట్ట మీద వేయాలి. అలా వేసి వేసి బావి చుట్టూ గుట్ట మనిషిని మించి పెరిగింది. ఆ నీళ్ళు తాగి, సీసాల్లో ఇంటికి పట్టుకెళ్తారు.

ఇంకో చోట నిలువు రాయికి ఒక రంధ్రం ఉంది. అందులోంచి చూస్తే, పుణ్యాత్ములకి స్వర్గం కనబడుతుందని చెప్తారు. నాకు గొర్రె కనబడింది.

పక్కనే అంతకంటే ఎంతో పాతవి, ఐదారు వేల ఏళ్ళ నాటి రాతి సమాధులున్నాయి మాలిన్ మోర్ వైపు. సాధువు వచ్చేనాటికే అవి పాతవి. కొత్త దేవుడు వచ్చినా జనం పాత తోవలోనే తిరుగుతున్నారేమో అని నాకు అనిపించింది, ఇది నా ఊహ మాత్రమే. నేను వెళ్ళింది పండగ రోజు కాదు కాబట్టి ఒక్కదాన్నే సగం మజిలీలు తిరిగాను, చెప్పులతో.

---

వరలక్ష్మి_గాల్వే
ఆగస్టు 20, రాత్రి 9:58

బావి దగ్గర మూడు రాళ్ళు వేశావా లేదా?

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 20, రాత్రి 10:01

వేశానండీ. మూడోది మా అమ్మాయి ఐరిష్ పరీక్ష కోసం.

---

పలాస_భాషగోల
ఆగస్టు 21, సాయంత్రం 6:44

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఐరిష్ వచ్చిందా మీకు? అది చచ్చిపోతున్న భాష, ఎందుకు టైం వేస్టు అని నా కొలీగ్ ఒక ఐరిష్ వాడే అన్నాడు.

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 21, రాత్రి 10:10

వచ్చింది అంటే అబద్ధం. కానీ భయం పోయింది. ఎందుకో చెబుతాను, మీకు నచ్చుతుంది.

ఐరిష్‌లో "అవును", "కాదు" అనే మాటలు విడిగా లేవు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనాలి, "వస్తావా?" అంటే "రాను" అనాలి. క్లాసులో ఇంగ్లీషు, జర్మన్ వాళ్ళు దీనికి తలపట్టుకున్నారు. నాకు మాత్రం ఇందులో కొత్తేముంది అనిపించింది, మనం రోజూ మాట్లాడేదే కదా. ఇంకోటి, వాళ్ళు ఆకలిగా ఉన్నాను అనరు, "నా మీద ఆకలి ఉంది" అంటారు. జలుబు నా మీద ఉంది, దిగులు నా మీద ఉంది. మనకి ఆకలి "నాకు" వేస్తుంది, వాళ్ళకి "మీద" కూర్చుంటుంది. రెండు భాషల్లోనూ ఆకలి మనం చేసే పని కాదు, మనకి జరిగేది. టీచరుకి ఈ సంగతి చెప్తే బోర్డు మీద తెలుగులో రాయించింది.

యాసలు కూడా మన లాగే మూడు. "ఎలా ఉన్నావు" అనడానికి ఇక్కడ "గజే మర్ అతా తూ" అంటారు. గాల్వే వైపు ఇంకో రకం, కెర్రీ వైపు మరో రకం. మా అమ్మాయి బడిలో నేర్పేది దక్షిణాది పద్ధతి. నేను డొనెగల్ యాసలో పలకరిస్తే "అమ్మా, తప్పు" అంటోంది. పలాస పలుకు విని హైదరాబాద్ పిల్లలు నవ్వితే మీకెలా ఉంటుందో నాకిప్పుడు అర్థమైంది.

చచ్చిపోతోందా అంటే, కొట్టులో ఇద్దరు ముసలివాళ్ళు గొర్రెల ధర గురించి ఐరిష్‌లోనే గొడవ పడుతున్నారు. వాళ్ళ పక్కన మనవడు ఇంగ్లీషులో ఐస్‌క్రీమ్ అడిగాడు. తాత ఐరిష్‌లో "ఏమిటి?" అన్నాడు. మళ్ళీ ఐరిష్‌లో అడిగాక గానీ కొనివ్వలేదు.

---

కిల్లీబెగ్స్_వంటవాడు
ఆగస్టు 22, రాత్రి 12:15

సాయంత్రాలు పబ్బులో ఫిడేలు గురించి రాయలేదేంటక్కా? వాళ్ళూ ఫిడేలే అంటారు, మన కచేరీల్లో అన్నట్టే. స్టేజీ ఉండదు, ఒక మూల టేబుల్ చుట్టూ కూర్చుని వాయించుకుంటారు. డొనెగల్ బాణీ వేగం వేరే. ఆ ఊరివాడే జేమ్స్ బర్న్ అనే ఫిడేలు ఆయన, 2008లో పోయారు, ఇప్పటికీ వాయిస్తూ వాయిస్తూ ఆయన పేరు చెప్పుకుంటారు. మధ్యలో ఫోన్ తీసి రికార్డు చేస్తే ఏమీ అనరు, కానీ మూడో పాటకి మీ వైపు చూడటం మానేస్తారు.

శాకాహారులకి గమనిక: టోస్టీ, చిప్స్, వెజిటబుల్ సూప్. సూప్ చికెన్ స్టాక్‌తో చేశారా అని అడగండి. పచ్చడి సీసా మీరే తెచ్చుకోండి. ఫోక్ విలేజ్ కొట్టులో సముద్రపు పాచితో చేసిన వైన్ అమ్ముతారు. వంటవాడిగా చెబుతున్నా, ఒక్కసారి రుచి చూడాల్సిందే. రెండోసారి మీ ఇష్టం.

---

సత్తిబాబు_కాకినాడ
ఆగస్టు 22, ఉదయం 7:05

సుజాత గారి పోస్టు రెండుసార్లు చదివాను. పద్దు నాకూ దొరకలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ నా అనుమానం ఇంకా తీరలేదు. పాట, పండగ, ప్రదక్షిణ అన్నీ ఆగస్టులో బాగానే ఉంటాయి. డొనెగల్ నిండా హాలిడే హోమ్‌లు అని పేపర్లో చదువుతుంటాం. డబ్లిన్, బెల్‌ఫాస్ట్ వాళ్ళు కొని వేసవిలో నాలుగు వారాలు ఉండి తాళం వేసుకుపోతారు. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలకి మాత్రం అద్దెకి ఇల్లు దొరకదు. మా కోనసీమలో కూడా చూడండి, తాళం వేసిన డాబాలు ఎన్ని ఉన్నాయో. పని ఇచ్చిన పాదిరీ గారు ఇల్లు ఇవ్వలేదు కదా. నవంబరులో రాత్రి ఏడింటికి అక్కడ ఎన్ని ఇళ్ళలో దీపం వెలుగుతుందో చెప్పండి. అప్పుడు నమ్ముతాను.

---

డాక్టర్_సుజాత
ఆగస్టు 22, మధ్యాహ్నం 2:20

ఇల్లు సంగతిలో మీరు చెప్పింది తప్పు కాదు. దానికి తోడు డొనెగల్‌లో వేల ఇళ్ళకి ఇంకో శాపం ఉంది, కాంక్రీటు దిమ్మల్లో మైకా అనే ఖనిజం. గోడలు బీటలు వారి, చేత్తో నలిపితే పొడి అవుతాయి. మా కొలీగ్ ఒకావిడ లోను ఇంకా కడుతోంది, ఇల్లు మాత్రం కూలగొట్టాలన్నారు. ప్రభుత్వం గ్రాంటు ఇస్తోంది, కానీ కట్టేదాకా ఉండటానికి అద్దె ఇల్లేదీ?

---

మాధవి_బ్లాంచర్డ్స్‌టౌన్
ఆగస్టు 22, రాత్రి 9:30

నేను అద్దెకున్న గది ఇంటావిడ కొడుకు, కోడలు పెళ్ళై రెండేళ్ళైనా ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో ఉంటున్నారు. సొంత పొలం ఉంది, కట్టుకోవడానికి పర్మిషన్ కోసం తిరుగుతున్నారు. "మా ఆయన తరం పని లేక వెళ్ళింది, వీళ్ళు పని ఉండి కూడా వెళ్ళాల్సి వస్తుందేమో" అంది. కాబట్టి సత్తిబాబు గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నవంబరులో నాకు సెలవు కూడా లేదు.

---

కిల్లీబెగ్స్_వంటవాడు
ఆగస్టు 22, రాత్రి 9:34

నేను వెళ్తా. నవంబరులో గుర్తుచేయండి.

---

కిల్లీబెగ్స్_వంటవాడు
నవంబరు 12, రాత్రి 10:47

ఎవరూ గుర్తుచేయలేదు, అయినా వెళ్ళొచ్చా. బుధవారం, అడ్డంగా వర్షం, ఫ్రెండు కారు. ఊరంతా లెక్కపెట్టడం నా వల్ల కాదు కాబట్టి కాషెల్ నుంచి సముద్రం వైపు పోయే ఒక్క రోడ్డు పట్టుకుని, రాత్రి ఏడింటికి రోడ్డు మీద నుంచి కనబడే ఇళ్ళు లెక్కపెట్టా.

పంతొమ్మిది ఇళ్ళు. పదకొండింట్లో దీపం వెలుగుతోంది. ఏడు చీకటి, అందులో రెండింటి ముందు తాళంచెవి పెట్టెలు చూశా, అంటే అద్దెకిచ్చేవి. ఒకింటి దగ్గర కారు ఉంది, పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, కానీ దీపం లేదు. దాన్ని లెక్కలో వేయలేదు.

హాలు దగ్గర పది కార్లున్నాయి. లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి తలుపు తీస్తే కార్డ్స్ ఆడుతున్నారు. ఒకాయన కుర్చీ జరిపాడు. అందుకే ఇంత లేటుగా పోస్టు చేస్తున్నా. నాలుగు యూరోలు పోయాయి.

---

సత్తిబాబు_కాకినాడ
నవంబరు 13, ఉదయం 7:02

పొగ వస్తుంటే మనిషి ఉన్నట్టే. పన్నెండు వేసుకో తమ్ముడూ.